ఇన్‌స్టాగ్రామ్ ‘రెస్ట్రిక్ట్’: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఒకరి కామెంట్లు ఇతరుల కంట పడకుండా ఆపే ఈ సదుపాయం 2019 అక్టోబరులో వచ్చింది. దీన్ని కాలేజీలో చేరిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతున్నాను. దాన్ని ఎలా ఆన్ చేయాలో అందరికీ తెలిసిందే కనుక ఆ జోలికి పోను. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది, అవతలి వ్యక్తికి ఏమీ తెలియకపోవడం.

నేను వేసిన బొమ్మల కింద మా తరగతిలోనే చదివే ఒకతను పనిగట్టుకుని వెటకారపు కామెంట్లు పెట్టేవాడు. బ్లాక్ చేస్తే మర్నాడు తరగతిలో అదే పెద్ద కబురవుతుంది. ఊరుకుంటే, బొమ్మ మొదలుపెట్టక ముందే అతను ఏమంటాడోనన్న బెంగ పట్టుకుని, సగం వేసినవాటిని పక్కన పడేసేదాన్ని. రెస్ట్రిక్ట్ చేశాక అతని కామెంటు అతనికి తప్ప ఇతరులెవరికీ కనిపించలేదు. నవ్వేవాళ్లు లేకపోయేసరికి అతనికే విసుగు పుట్టింది. రోజూ ఎదురుపడే వ్యక్తిని బ్లాక్ చేస్తే గొడవ ముదురుతుందని యువత వెనకాడుతున్నారని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2019 జులైలో రాశారు. నా సంగతి సరిగ్గా అదే. అయితే ఆ కామెంటు మన దగ్గర మాయం కాదు, నొక్కితే కనిపించేలా మరుగున ఉంటుంది. మనసు బాగాలేని రాత్రి దాన్ని నొక్కకుండా ఉండటం తేలిక కాదు.

అసలు దెబ్బ మరోచోట తగిలింది. మా తరగతి గ్రూపు ఉన్న ఒక మెసేజింగ్ యాప్‌లో (పేరు అనవసరం) ఎవరో నేను వేసిన బొమ్మను స్టిక్కరుగా మార్చి వదిలారు. అక్కడ మనిషిని బ్లాక్ చేసినా గ్రూపులో అతని సందేశాలు వస్తూనే ఉంటాయి. గ్రూపు వదిలేద్దామంటే పరీక్షల కబుర్లన్నీ అందులోనే. స్టిక్కరు కంటే, దాని కింద నా పక్కన కూర్చునేవాళ్లు పెట్టిన నవ్వు ఎమోజీలు నన్ను ఎక్కువగా కుంగదీశాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఎగతాళిని ‘వీళ్లకేం తెలుసు’ అని కొట్టిపారేయవచ్చు, తెలిసినవాళ్లు నవ్వితే మాత్రం వాళ్లన్నదే నిజమేమో అనిపిస్తుంది. చివరకు అడ్మిన్‌గా ఉన్న అమ్మాయి చొరవ తీసుకుని దాన్ని తొలగించింది, కానీ అప్పటికే అది చాలామంది ఫోన్లలోకి చేరిపోయింది.

నాది కొద్దిమంది చూసే ఖాతా, అక్కడ వేధించినవాడు ఒక్కడే, అతని మాటల్లో బెదిరింపు లేదు. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారికైతే రెస్ట్రిక్ట్ వాడమని చెబుతాను. అపరిచితులు గుంపుగా మీద పడుతుంటే మనల్ని ఫాలో కానివారి, కొత్తగా ఫాలో అయినవారి కామెంట్లనూ సందేశాలనూ కొంతకాలం మరుగున ఉంచే ‘లిమిట్స్’ (2021లో వచ్చింది) మేలేమో, నాకు ఆ అవసరం రాలేదు. బెదిరింపులు వస్తే మాత్రం స్క్రీన్‌షాట్లు దాచుకుని రిపోర్ట్ చేయడమే సరైనది.