ఆరు చలికాలాలు కట్టెల స్టవ్‌తో: స్టవ్‌కి నాలుగు స్టార్లు, బిగించిన తీరుకి ఒకటే

ఇనుప కట్టెల స్టవ్ ఇంట్లో పెట్టించుకున్నాక ఇది ఆరో చలికాలం. మొదటి ఏడాదే రాసుంటే కళ్ళు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేసేవాణ్ణి, అప్పట్లో నాకు కనిపించింది గాజు తలుపు వెనక మంట ఒక్కటే మరి. ఇప్పుడు రాసేది మాత్రం ఎక్కువగా దాని వెనకున్న గోడ గురించీ, పైకి వెళ్ళే గొట్టం గురించీ.

ముందు సైజు సంగతి. పెద్దదైతే ఇల్లంతా వెచ్చగా ఉంటుందని గదికి మించినది తెచ్చాం. పావుగంటకే ఉక్కపోత మొదలయ్యేది, తట్టుకోలేక గాలి వచ్చే దారి దాదాపు మూసేసేవాళ్ళం, మంట కాస్తా పొగలు కక్కుతూ కుమిలేది. అలా సరిగ్గా కాలని పొగ చల్లటి గొట్టం లోపల పట్టేసి తారులా గట్టిపడుతుంది, దాన్ని క్రియోసోట్ అంటారు. అది అంటుకుందంటే మంట పొగగొట్టం లోపలే. అందుకే ఇప్పుడు కట్టెలు తక్కువ వేసి, గాలి బాగా వదిలి, చురుగ్గా మండిస్తున్నాం. రాత్రి పడుకునే ముందు నిండా కుక్కి గాలి మూసేసే అలవాటు పూర్తిగా మానేశాం.

ఇక బిగింపు. మా దగ్గరికి వచ్చినతను అనుభవం ఉందనే చెప్పాడు. చెక్క పలకల గోడకి జానెడున్నర దూరంలో స్టవ్ నిలబెట్టి వెళ్ళిపోయాడు. రెండో వారం గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఫోన్ చేసి అడిగితే, 'ఇన్ని ఇళ్ళలో పెట్టాను, ఎక్కడా అంటుకోలేదు' అన్నాడు. ఇక్కడే మోసపోతాం, ఎందుకంటే చెక్క రోజూ సెగ తగులుతూ ఏళ్ళు గడిస్తే లోలోపల మాడి, మామూలుగా అంటుకోని వేడికి కూడా అంటుకునేలా తయారవుతుంది. మొదటి ఏడాది ఏమీ కాలేదంటే అయిదో ఏడాది కూడా కాదని కాదు.

అప్పుడు తీశాను మాన్యువల్! ప్రతి మోడల్‌కీ వెనక ఎంత, పక్కల ఎంత, ముందు ఎంత ఖాళీ ఉండాలో అందులో ఉంటుంది, దాన్నే పాటించాలి. అలా పరీక్షించి దూరాలు రాయని పాత స్టవ్‌లకైతే అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రకారం కాలే వస్తువు ఏదైనా 36 అంగుళాల దూరంలో ఉండాలి. ఒంటి పొర గొట్టానికి 18 అంగుళాలు. అంత చోటు లేకపోతే గోడకి ఒక అంగుళం ఖాళీ వదిలి రేకు బిగించవచ్చు. ఆ ఖాళీకి కిందా పైనా తెరిచి ఉంచాలి, చల్లగాలి కింద నుంచి దూరి వేడిని పైకి తోసుకుపోతుంది, అసలు పని చేసేది ఆ గాలే. మేం రేకే పెట్టించాం. అన్నట్టు, చెక్క గోడకి నేరుగా టైల్స్ అతికించేసి నిశ్చింతగా ఉండేవాళ్ళున్నారు. టైల్ కాలదు నిజమే, వేడిని మాత్రం వెనక చెక్కకి చక్కగా అందిస్తుంది.

గొట్టం తప్పు పట్టుకున్నది మా అమ్మ. అతుకు దగ్గర నుంచి నల్లటి చార కారుతోందని, తుడిచినా మర్నాటికి మళ్ళీ వస్తోందని చెప్పింది. గొట్టం ముక్కల్లో ఒక కొస ముడతలు నొక్కి సన్నంగా చేసి ఉంటుంది, అది కిందికి, అంటే స్టవ్ వైపుకి ఉండాలి. మాకేమో పైకి పెట్టాడు. పొగ పైకి పోతుంది కాబట్టి అలాగే పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ లోపల చేరిన తడి తారు కిందికే కదా కారేది? ఆ అమరికలో అది స్టవ్‌లో పడకుండా అతుకులోంచి బయటికి వచ్చేసింది. పైగా ఒక్కో అతుకుకి మూడు మరలు ఉండాల్సింది, కొన్నిటికి ఒక్కటే ఉంది.

ఈసారి శిక్షణ ఉన్న మనిషిని పిలిచాం. పైకప్పు దాటేచోట ఇన్సులేషన్ ఉన్న చిమ్నీ చుట్టూ చెక్కకి రెండు అంగుళాల ఖాళీ ఉండాల్సింది పోయి, అందులో కూడా దూది లాంటిది కుక్కి ఉంది. అది చూసి నిజంగా భయమేసింది. కప్పు మీద గొట్టం కూడా పొట్టిగా ఉందన్నాడు. కప్పు దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలి. అది పెంచాక గాలి వీచినప్పుడు గదిలోకి పొగ తన్నడం తగ్గింది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే మాత్రం ఇప్పటికీ కొంచెం వెనక్కి లాగుతుంది, ఫ్యాన్ వేసినప్పుడల్లా కిటికీ కాస్త తెరుస్తున్నాం. ఒక స్టారు తగ్గించింది ఈ చిరాకుకే.

కార్బన్ మోనాక్సైడ్ అంటే నిప్పు సరిగ్గా కాలనప్పుడు వచ్చే, కంటికీ ముక్కుకీ తెలియని విషవాయువు, దాన్ని పసిగట్టే అలారం లేకుండా స్టవ్ వెలిగించొద్దు. మా అలారం ఒక్కసారే మోగింది, అదీ తెల్లవారుజామున, పొగ లేదు, వాసన లేదు. మంట ఆరిపోయి కణికలే మిగిలాయి కదా అని నేనే గొట్టంలోని డాంపర్ (పొగదారికి అడ్డంగా తిప్పే పలక) మూసేశాను. మంట కన్నా ఆ కణికలే ప్రమాదం, గొట్టం చల్లబడి పైకి లాగే బలం తగ్గిపోతుంది. తలుపులన్నీ తీసి అందరం బయటికి పరుగెత్తాం.

కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటర్ గుచ్చేది పై బెరడు మీద కాదు, దుంగని చీల్చి లోపలి ముఖం మీద. బూడిద మూత ఉన్న ఇనుప బకెట్లోకి ఎత్తి బయట నేల మీద పెడతాం, అందులో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది.

చిమ్నీ ఏటా ఒకసారి శుభ్రం చేయిస్తాం. లోపల పొర 3 మిల్లీమీటర్లకి చేరిందంటే ఏడాది దాకా ఆగకూడదు. మొదటిసారి గీకితే మెరిసే నల్లటి పెచ్చులు ఊడిపడ్డాయి, ఈ ఏడాది పొడి మసి మాత్రమే రాలింది. తలుపు చుట్టూ ఉండే తాడు సీలు నాలుగో ఏడాది మార్చాం. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే బిగువుగా ఉండాలి, నిన్న చూస్తే కింది మూల దగ్గర సులువుగా వచ్చేసింది. కొత్త తాడు వచ్చేదాకా వెలిగించడం ఆపేశాం, ఇంట్లో అందరం స్వెటర్లతో తిరుగుతున్నాం.