ఆటోనగర్‌లో పాత లారీకి రిలేలు మార్పించా

మాది 2006 మోడల్ పది టైర్ల లారీ, నెల నుంచి హెడ్‌లైట్లు ఇష్టమొచ్చినప్పుడు వెలిగేవి, హైవే మీద ఒకాయన రిలే (స్విచ్చు వేస్తే లైట్లకి కరెంటు కలిపే చిన్న డబ్బా) మార్చేసి బానే ఉంది పొమ్మన్నాడు, రెండ్రోజుల్లో మాడిన వాసన. మొన్న విజయవాడ ఆటోనగర్‌లో ఓ చిన్న ఎలక్ట్రీషియన్ షాపుకి తీస్కెళ్లా. పెద్దాయన ఆ రిలే పీకి చూసి నవ్వాడు, దాని మీద 12వి అని ఉంది బాబూ, మీది రెండు బ్యాటరీల బండి, 24 వోల్టులు, లోపలి తీగచుట్ట, అదే కాయిల్, మాడక ఏం చేస్తది అన్నాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి!

నాకు నచ్చిందేంటంటే వెంటనే కొత్తది పెట్టలేదు. రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి, అందులో కాయిల్‌వి 85, 86 పిన్నులు, వాటికి కరెంటిచ్చి టక్ మంటుందో లేదో విన్నాడు, టెస్ట్ లాంపుతో 30లో సప్లై వస్తుందా, 87లోంచి బయటికి పోతుందా చూశాడు. హారన్ రిలే కూడా చూస్తే, టక్ మంటోంది కానీ 87లో లాంపు వెలగలేదు, లోపల పాయింట్లు కాలిపోయాయంట. హెడ్‌లైట్ రిలే సాకెట్‌లో ఒక క్లిప్పు వదులైపోయి పచ్చగా చిలుం పట్టింది, అదీ మార్చాడు.

రెండు రిలేలు, సాకెట్, కూలి కలిపి 850 అయింది. పాతవి చేతికిచ్చేశాడు. కాకపోతే బండి పెట్టుకోడానికి జాగా లేదు, పైగా మధ్యాహ్నం భోజనానికెళ్లి గంటన్నరకి గానీ రాలేదు మహానుభావుడు.