బోరు నీళ్ల ఊళ్లలో గుడ్డ డైపర్లు: ఏది కొనాలి, ఎట్లా ఉతకాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గుడ్డ డైపర్లు కొన్న ఇళ్లల్లో రెండు మూడు నెలలకు వినబడే మాట దాదాపు ఒక్కటే. మొదట్లో బాగా పీల్చింది, ఇప్పుడు తొడల పక్క నుంచి కారుతుంది, ఎంత ఉతికినా ఉచ్చ వాసన పోతలేదు. డైపర్ పాడైందనుకొని దాన్ని అటకెక్కించి మళ్లీ ప్యాంపర్ల ప్యాకెట్ తెస్తారు. చాలాసార్లు డైపర్‌కు ఏమీ కాదు. ఉప్పు నీళ్లలో సబ్బు తెట్టెకట్టి పోగుల మధ్య కూర్చుంటుంది, అంతే. అందుకే ఇక్కడ బజారులో దొరికే నాలుగు రకాలనూ రెండే కొలతలతో చూస్తున్నాం: బోరు నీళ్లలో మురికిని ఎంత తేలిగ్గా వదులుతుంది, ముసురు పట్టిన రోజు ఎంతసేపట్లో ఆరుతుంది. బొమ్మలు, రంగులు ఎట్లాగూ అన్నింటికీ బాగుంటాయి.

ముందే తీర్పు చెప్పేస్తే, విప్పితే ఒంటి పొరగా పరుచుకునే నూలు గుడ్డ, దాని మీద నీళ్లు దిగని కవరు. ఈ జోడీకే మా మొదటి మార్కు. ఎందుకో కింద చూడండి.

ముడి లంగోటీలు. నల్లగొండ ప్రకాశం బజారులోనైనా, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తిలోనైనా పిల్లల బట్టల కొట్లో అడగ్గానే ఇచ్చేవి ఇవే. మూడు మూలల నూలు గుడ్డ, నడుముకు దారాలు. కాన్పు నుంచి ఆరేడు వారాల దాకా వీటిని మించినది లేదు. అప్పుడు బిడ్డ రోజుకు పది పన్నెండు సార్లు తడుపుతుంది, దొడ్డికి కూడా చాలాసార్లు పోతుంది. ఫ్రీ సైజు డైపర్లు అన్నీ సుమారు 5 కిలోల బరువు నుంచి సరిపోయేలా కుట్టినవి, రెండున్నర మూడు కిలోల బిడ్డకు తొడల దగ్గర సందు వస్తుంది. బొడ్డు ఊడేదాకా లంగోటీ ముందు అంచును బొడ్డు కిందికి మడిచి కట్టాలి, దాని మీద తడి నిలవొద్దు. 24 నుంచి 30 ఉంటే సరిపోతాయి. అర్ధరాత్రి దారాలు కట్టడం చికాకే, ఒక్కసారి తడిపితే పక్క కూడా తడుస్తుంది. కానీ ఆరడంలో, మురికి వదలడంలో వీటికి సాటి లేదు. వీటి మీద వేయమని కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ జాంగ్యా మాత్రం వద్దు. గాలి ఆడదు, ఎండాకాలం రెండు గంటల్లో చెమటకాయలు లేస్తాయి.

పాకెట్ డైపర్లు. ఆన్‌లైన్‌లో చవకగా ఎక్కువ దొరికేవి ఇవే, ఒకటి 250 నుంచి 400 రూపాయల దాకా ఉంటుంది. పైన నీళ్లు దిగని పొర, లోపల మెత్తని ఫ్లీస్, రెంటి మధ్య సంచిలో మైక్రోఫైబర్ (సన్నని సింథటిక్ పోగుల) ప్యాడ్. మైక్రోఫైబర్ తడిని చటుక్కున లాగుతుంది, కానీ నొక్కితే అంతే చటుక్కున వదిలేస్తుంది. బిడ్డను చంకన ఎత్తుకున్నా, బండి మీద ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ప్యాడ్ నలిగి తొడ పక్క నుంచి బయటికొస్తుంది. మనవైపు పిల్లలు సగం రోజు చంకల మీదే పెరుగుతారు కాబట్టి ఇది చిన్న లోపమేమీ కాదు. ఇంకో సంగతి, మైక్రోఫైబర్ ప్యాడ్‌ను నేరుగా బిడ్డ చర్మానికి ఆనించొద్దు, చర్మంలోని తడిని కూడా లాగి ఎండగొడుతుంది. ఇప్పటికే కొని ఉంటే పారేయనక్కర లేదు. ప్యాడ్ తీసేసి అదే సంచిలో మడిచిన నూలు గుడ్డ పెట్టండి.

ప్యాడ్ కలిపి కుట్టేసినవి. వేయడం అన్నింటికన్నా సులువు, ప్యాంపర్ వేసినట్టే. ఉతకడం అన్నింటికన్నా కష్టం. ఆరేడు పొరలు ఒకచోట కుట్టి ఉంటాయి కాబట్టి లోపలి పొర దాకా నీళ్లు పోయి సబ్బును తీసుకురావు. ఆగస్టు ముసురులో రెండు రోజులైనా నడుమ చెమ్మ తగులుతూనే ఉంటుంది, ఆ చెమ్మకే ముక్కిన వాసన వస్తుంది. బోరు నీళ్ల ఇంటికి ఇవి వద్దు.

కవరు, విడి ప్యాడ్. పైన కవరు ఒకటి, లోపల గుండీలతో తగిలించే ప్యాడ్ వేరుగా. సూపర్‌బాటమ్స్, బంపడమ్ లాంటి మన దేశపు కంపెనీలు అమ్మేవాటిలో ఈ తీరువి దొరుకుతాయి. కంపెనీ ప్యాడ్లు బాగానే పీలుస్తాయి, కానీ మందం ఎక్కువ. కవర్లు కొని, లోపలికి ఇంటి నూలు గుడ్డ మడిచి పెట్టడం మా సలహా. తడి ఒక్కటే అయితే గుడ్డ మార్చి, కవరును తుడిచి కాసేపు గాలికి పెట్టి మళ్లీ వాడొచ్చు. మూడు సార్లు అట్లా నడుస్తుంది, దొడ్డి అంటితే మాత్రం అప్పుడే ఉతకాలి.

గుడ్డ కొలత 27 అంగుళాల చదరం. సగానికి, మళ్లీ సగానికి మడిస్తే పదమూడున్నర అంగుళాల చదరం వస్తుంది. దాన్ని మూడు మడతలు వేస్తే నాలుగున్నర అంగుళాల వెడల్పు, 12 పొరల పట్టీ తయారు. ఉతికేటప్పుడు విప్పితే ఒక్క పొరే. సబ్బు పోతుంది, ఎండ తగులుతుంది, ఏప్రిల్‌లో దండెం మీద గంట కూడా పట్టదు, వానాకాలం ఫ్యాను కింద నాలుగైదు గంటల్లో ఆరుతుంది. మగపిల్లాడికి ముందు వైపు ఒక మడత ఎక్కువ వేయాలి, ఆడపిల్లకు నడుమ.

దీనికి కొత్త గుడ్డే కావాలని లేదు. నాలుగైదేళ్లు కట్టి మెత్తబడ్డ నారాయణపేట నూలు చీర ఉంటే కొంగు, అంచులు కత్తిరించేస్తే ఏడు గుడ్డలు వస్తాయి, మిగిలిన సన్న పట్టీలు రాత్రి పూట అదనపు పొరకు పనికొస్తాయి. గద్వాల చీరైతే నడుమ నూలు భాగమే తీసుకోండి, అంచూ కొంగూ పట్టువి, వాటిలో జరీ గీరుకుంటుంది. కొట్లో ప్యూర్ కాటన్ అని చెప్పిన గుడ్డ నూలో కాదో తెలుసుకోవడానికి ఒక పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది.

కొత్త నూలు, వెదురు నార, జనపనార (హెంప్ అని అమ్మేది, గోనె సంచి నార కాదు) ఏదైనా మొదటి రోజే పూర్తిగా పీల్చదు. నాలుగైదు సార్లు ఉతికి ఆరేస్తేనే నూనెగుణం పోయి పీల్చడం మొదలుపెడుతుంది. గుడ్డ మీద నీటి చుక్క వేసి చూడండి, ముత్యంలా నిలబడితే ఇంకా సిద్ధం కాలేదు. కొన్న రోజే వేసి, కారిందని వాపసు పంపేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇక నీళ్ల సంగతి. ఫ్లోరైడ్ నీళ్లు కాబట్టి సబ్బు నురగ రాదని మనవైపు చాలామంది అనుకుంటారు. ఫ్లోరైడ్ వేరు, నురగ రాకపోవడం వేరు. సబ్బును చంపేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. బడి పుస్తకంలో కఠినజలం అని చదువుకున్నది దీన్నే. చూడాలంటే సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, ఒంటి సబ్బు కొద్దిగా గీరి వేసి గట్టిగా ఊపండి. నురగ నిలిచి కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తటి నీళ్లు, నురగ రాక పాలలా తెల్లబడితే గట్టి నీళ్లు. నల్లాలో భగీరథ నీళ్లు, ఇంట్లో బోరు నీళ్లు రెండూ ఉంటే రెంటినీ ఇట్లా పరీక్షించి, మెత్తగా తేలినవాటిని కడసారి జాడింపుకు దాచుకోండి. మొదటి జాడింపులకు బోరు నీళ్లు చాలు.

బట్టల సబ్బు బిళ్లతో రుద్దడం గట్టి నీళ్లలో అన్నింటికన్నా చెడ్డ పద్ధతి, తెట్టె అంతా గుడ్డలోనే మిగులుతుంది. సర్ఫు పొడి నయం. విప్పగానే తడి గుడ్డను చన్నీళ్లలో ఒకసారి జాడించి, పిండి, రంధ్రాల బుట్టలో వేయాలి. మూత పెట్టిన బకెట్లో నానబెట్టి దాచడమే ఘాటు వాసనకు మూలం. రెండు రోజులకు మించి నిలవ ఉంచొద్దు. తల్లిపాలు తాగే బిడ్డ దొడ్డి నీళ్లతోనే పోతుంది. ఆరో నెల దాటి ఉగ్గు, రాగిజావ మొదలుపెట్టాక దాన్ని ముందు లెట్రిన్‌లో దులిపి, పైపుతో కొట్టి కడగాలి. మొదట చన్నీళ్లే, వేన్నీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది.

ఉతకడానికి పది పన్నెండు గుడ్డలకు ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు, రెండు పెద్ద చెంచాల సర్ఫు, గట్టి నీళ్లైతే ఒక పెద్ద చెంచా బట్టల సోడా. అరగంట నానితే చాలు, రాత్రంతా వద్దు. బాగా గుంజి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి, మూడు సార్లకు తక్కువ కాకుండా. సోడా గుడ్డలకే, కవర్లకు వద్దు. చిన్నపిల్లల బట్టలని భయపడి చిటికెడు సర్ఫు వేసేవాళ్లకే వాసన బాధ ఎక్కువ. సబ్బు సరిపడా వేసి బాగా జాడించడం మేలు. కుంకుడు రసం పలుచని లంగోటీకి సరే, మందం పట్టీలోని ఉచ్చను వదిలించలేదు. మెత్తదనం కోసం పోసే కండిషనర్లు పోగులకు పూతలా పట్టి పీల్చడాన్ని ఆపేస్తాయి. యాంటీసెప్టిక్ ద్రావణం మిగిలిపోతే చర్మం మండుతుంది, పైగా అది మురికిని తీయదు.

దండెం మీద ఆరాక కూడా గుడ్డ వాసన వస్తే అది సరిగా ఉతకలేదని గుర్తు. ఆరినప్పుడు ఏమీ లేక, బిడ్డ తడపగానే ఘాటుగా లేస్తే పోగుల్లో ఉప్పు పేరుకుందన్నమాట. దానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు మందు. ఉతికిన గుడ్డలను బకెట్ నీళ్లలో నాలుగైదు చెంచాలు కలిపి గంటసేపు నానబెట్టి, బాగా జాడించాలి. నెలకోసారి చాలు. కవర్లను అందులో వేయొద్దు, సాగే పట్టీ పాడవుతుంది. బ్లీచింగ్ పొడితో నిమ్మ ఉప్పు ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

గుడ్డలను ఎర్రటి ఎండలోనే ఆరేయండి, తడి మీద ఎండ తగిలితే పచ్చ మరకలు కూడా పోతాయి. కవర్లను నీడలో ఆరేయాలి. పాలిస్టర్ మీద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర అతికించిన గుడ్డ అది. మే నెల ఎండ, మరిగే నీళ్లు, ఇస్త్రీ పెట్టె, బ్రష్షు ఈ నాలుగూ ఆ పొరను లేపేస్తాయి. లోపల బుడగలు కనిపిస్తే ఆ కవరు పని అయిపోయినట్టే.

వేయడంలో కారేది ఎక్కువగా తొడ దగ్గరే. సాగే పట్టీ తొడ మధ్యకు కాదు, జాంగ్యా గీత పడే మడతలోకి రావాలి. ముందున్న మూడు వరుసల గుండీలు ఎత్తు తగ్గించడానికి, చిన్నపిల్లకు కింది వరుస పెట్టాలి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి. లోపలి గుడ్డ అంచు వెంట్రుకంత బయటికి కనిపించినా గౌనుకు తడి ఎక్కుతుంది, చివరగా చుట్టూ వేలు తిప్పి లోపలికి తోయండి. తొడ మీద ఎర్రటి గీత పడి కాసేపట్లో పోతే ఫర్వాలేదు, పోకపోతే బిగువు తగ్గించాలి. పగలు మూడు గంటలకు మించి ఉంచొద్దు. రాత్రికి పైన నూలు, కింద జనపనార పట్టీ పెట్టండి. జనపనార నెమ్మదిగా పీలుస్తుంది, కానీ ఎక్కువ పడుతుంది. క్రీము రాస్తే మధ్యలో పలుచని గుడ్డ వేయాలి, లేకపోతే జిడ్డు పట్టి ఆ చోట పీల్చదు. మడతల్లో ఎర్రగా కమిలి చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తే అది ఫంగస్ కావచ్చు, గుడ్డలు మార్చి చూస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

లెక్క చూస్తే, మూడు నెలల తర్వాత రోజుకు ఏడెనిమిది మార్పులు. ఒకరోజు విడిచి ఒకరోజు ఉతికే ఇంటికి 20 గుడ్డలు, 5 కవర్లు, రాత్రికి 2 మందం పట్టీలు చాలు. కవరు 500 రూపాయలనుకున్నా మొత్తం మూడు, మూడున్నర వేలు. ప్యాంపరు ఒకటి పది రూపాయలు, రోజుకు ఏడు అనుకుంటే రెండు వేలు దాటేది నెలకే. కానీ ఒక్కో ఉతుకుకు నాలుగైదు బకెట్ల నీళ్లు పోతాయి. మే నెలలో బోరు అడుగంటి ట్యాంకరు కొనే ఇంట్లో రాత్రికీ ప్రయాణానికీ ప్యాంపరు వాడి, పగలు మాత్రం లంగోటీ కడితే తప్పేమీ లేదు. హైదరాబాద్ బస్సు ఎక్కేటప్పుడు కూడా అంతే.

వాడినవి ఎవరైనా ఇస్తామంటే కవరును వెలుగుకు పట్టి చూడండి, సూది మొనల్లా వెలుతురు కనిపిస్తే వద్దు. తొడ పట్టీని లాగి వదిలితే వెంటనే ముడుచుకోవాలి. పట్టీ ఒక్కటే వదులైతే దర్జీ దగ్గర కొత్త ఎలాస్టిక్ వేయించుకోవచ్చు, దానికోసం మంచి కవరును పారేయకండి. లోపలి నూలు గుడ్డలు ఎన్ని వాడినవైనా సరే, పైన చెప్పినట్టు బాగా ఉతికి, నిమ్మ ఉప్పులో ఒకసారి నానబెట్టి, రెండు ఎండలు తగలనివ్వండి.