రైఫిల్ పెట్టెతో విమాన ప్రయాణం: చాలాకాలం వాడిన తర్వాత ఒక సమీక్ష

హనుమకొండలో ఉంటూ షూటింగ్ పోటీలకు వెళ్లేవారు తుపాకీ తర్వాత అంత జాగ్రత్తగా ఎంచుకోవలసిన వస్తువు దాన్ని మోసుకుపోయే పెట్టె. పెద్ద పోటీలు ఎక్కువగా ఢిల్లీ తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీ సింగ్ రేంజిలోనో, భోపాల్‌లోని రాష్ట్ర షూటింగ్ అకాడమీలోనో జరుగుతాయి. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం నుంచి ఇంకా విమానాలు ఎగరడం లేదు కాబట్టి ఇక్కడివారు జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దాకా వచ్చి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరుకోవాలి. అంటే విమానం ఎక్కకముందే పెట్టె కారు డిక్కీలోనో, ఆర్టీసీ బస్సు అడుగు అరలోనో గంటల తరబడి కుదుపులు తింటుంది. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఈ తతంగం చాలావరకు తప్పుతుంది గానీ, ఒక పగలూ ఒక రాత్రీ బెర్తు కింది పెట్టెకు కాపలా కాస్తూ వెళ్లినవారికి మర్నాడు రేంజిలో గురి నిలవడం కష్టం. అందుకే మా ఇంట్లో నేనూ మా అమ్మాయీ కొన్నేళ్లుగా విమానాన్నే నమ్ముకున్నాం. నాది పది మీటర్ల దూరం పోటీలో వాడే, గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ రైఫిల్, దానితోపాటు మందు తూటాలు పేల్చే పాయింట్ 22 రైఫిల్. మా అమ్మాయిది ఎయిర్ పిస్టల్.

నేను వాడుతున్నది నాలుగడుగుల పైచిలుకు పొడవుండి, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, అంచు చుట్టూ రబ్బరు వలయం, ఒక చివర రెండు చక్రాలు, తాళం కప్పలకు లోహపు రంధ్రాలు, లోపల ఫోమ్ ఉన్న పెట్టె. ఇదే కొలతలతో, ఇంచుమించు ఇదే అచ్చుతో చాలా కంపెనీలు చేస్తున్నాయి కనుక పేరు చెప్పడం కన్నా ఏ గుణాలు చూసుకోవాలో చెప్పడమే ఉపయోగం. కొనేటప్పుడు అందరూ చూసేది గట్టిదనం: మీద నిలబడితే పగులుతుందా, కింద పడేస్తే తట్టుకుంటుందా అని. ఇన్నాళ్ల వాడకంలో నాకు తేలిందేమిటంటే, ఆ పరీక్షలో ఓ మోస్తరు పెట్టెలన్నీ నెగ్గుతాయి. అసలు తేడా అది తెరుచుకునే తీరులో ఉంది. తుపాకీ పెట్టెను విమానాశ్రయంలో కనీసం ఒకసారి, చాలాసార్లు రెండు మూడుసార్లు, వేర్వేరు అధికారుల ముందు తెరవాలి. వెనక వరుసలో జనం నిలబడి తొంగి చూస్తుండగా మూత ఎత్తగానే లోపల ఏముందో, ఏమి లేదో ఒక్క చూపులో అర్థమైతే పని త్వరగా ముగుస్తుంది. ఒక్కో వస్తువునూ తీసి చూపించవలసి వస్తే గంట పడుతుంది.

మా సర్దుబాటు ఇలా ఉంటుంది. కౌంటర్ పక్కన నేల మీద కొత్తవాడ జంపఖానా ఒకటి పరుస్తాను. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, నాకు అది నచ్చడానికి కారణం అది ఎన్ని ఉతుకులకైనా సాగకపోవడం, రేంజిలో మోకాళ్ల కింద వేసుకోవడానికీ పనికి రావడం. దాని మీద పెట్టె పెట్టి తెరిస్తే మొదట కనిపించేది బారెల్ (తుపాకీ గొట్టం) ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దూర్చి ఉన్న నారింజ రంగు సేఫ్టీ దారం. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం రేంజిలో అది ఎలాగూ తప్పనిసరి; దాన్నే ప్రయాణంలోనూ ఉంచితే లోపల తూటా గానీ, ఎయిర్ రైఫిల్‌లో వేసే సీసపు గింజ (పెల్లెట్) గానీ లేదని నోటితో చెప్పవలసిన పని ఉండదు. దాని పక్కన, రైఫిల్ నుంచి వేరు చేసిన గాలి సిలిండర్, ఒత్తిడి చూపే గేజి పైకి కనిపించేలా. మూత లోపలివైపు పారదర్శకమైన సంచిలో కాగితాలు. “ఇది గాలితో పేలేదా, మందుతో పేలేదా?” అని అడిగిన అధికారికి జవాబు వేలితో చూపించగలగాలి.

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు. 2016 ఆయుధ నియమావళి ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కూ పిస్టల్‌కూ లైసెన్సు అక్కర లేదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిళ్లు ఆ శక్తిలో సగానికీ చేరవు. అయితే లైసెన్సు అక్కర లేనంత మాత్రాన విమానంలో అది మామూలు సామాను అయిపోదు. అక్కడ అది ఆయుధమే. ముందుగా చెప్పాలి, ఫారం నింపాలి, చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. కౌంటర్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి లైసెన్సు అడగడం, లేదంటే పైవారిని పిలవడం ప్రతిసారీ జరిగేదే. ఒకసారి ఒక విమాన సంస్థ కౌంటర్‌లో మా అమ్మాయి పిస్టల్‌ను లైసెన్సు లేనిదే ఎక్కించబోమని పట్టుబట్టారు. కొనుగోలు బిల్లు, రైఫిల్ సంఘం గుర్తింపు కార్డు, పోటీ ప్రవేశపత్రం, నియమావళిలోని ఆ పేజీ ప్రతి చూపించాక గానీ ఒప్పుకోలేదు. ఈ నాలుగింటినీ ఫోనులో కాకుండా కాగితం మీద, రెండేసి ప్రతులుగా ఉంచుకోవాలి. ఫోను తెర మీద చూపించినదాన్ని వారు దాచుకోలేరు, దాచుకోవడానికి కాగితం లేకపోతే వారికి ధైర్యం చాలదు. అందులో వారి తప్పు కూడా పెద్దగా లేదు.

సిలిండర్ గురించి కొంత వివరంగా చెప్పాలి. ఇప్పటి పోటీ రైఫిళ్లన్నీ దాదాపు 200 బార్ ఒత్తిడితో నింపిన గాలితో పనిచేస్తాయి. ప్రయాణానికి ముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేసి రైఫిల్ నుంచి విప్పి పెట్టాలి. ఖాళీ చేయడానికి తయారీదారు ఇచ్చే చిన్న స్క్రూ పరికరం ఉంటుంది. దానితో నెమ్మదిగా వదలాలి. గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే సిలిండర్ మెడ మంచులా చల్లబడి, లోపలి రబ్బరు వలయాలు దెబ్బతింటాయి. ఈ పని ఇంట్లోనే, ముందురోజు చేసుకోవాలి. గేజి ముల్లు సున్నా మీద ఉన్నా అనుమానించే అధికారి ముందు ఆ స్క్రూ పరికరాన్ని బిగించి, శబ్దమేమీ రాదని వినిపించడం మంచి ఉపాయం. సిలిండర్ మీద అచ్చు వేసిన తేదీని కూడా చూసుకోండి; తయారీదారులు మామూలుగా పదేళ్ల గడువు ఇస్తారు, గడువు దాటినదాన్ని పోటీల్లో పరికరాల తనిఖీలోనే ఆపేయవచ్చు. అక్కడికి వెళ్లాక నింపుకోవడానికి రేంజిలో కంప్రెసర్ ఉంటుంది గానీ, మన సిలిండర్‌కు సరిపోయే అడాప్టర్ వారి దగ్గర ఉంటుందన్న నమ్మకం లేదు. బొటనవేలంత ఆ ఇత్తడి ముక్కను నేను పెట్టెలోనే ఒక గూడు కోసి శాశ్వతంగా ఉంచేశాను.

పాయింట్ 22 రైఫిల్ సంగతి వేరు. అది లైసెన్సు ఆయుధం. లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం తెలంగాణకే పరిమితమై ఉంటే ఢిల్లీకి తీసుకుపోయే ముందే అక్కడ కూడా చెల్లేలా మార్పించుకోవాలి. తూటాను గొట్టంలోకి నెట్టి మూసే బోల్టును విప్పి విడిగా పెట్టాలి. తూటాలు రైఫిల్ పెట్టెలో కాకుండా, కంపెనీ డబ్బాల్లోనే ఉంచి మరో చిన్న గట్టి పెట్టెలో తాళం వేయాలి. అంతర్జాతీయ విమాన రవాణా నియమాల్లో ఒక మనిషికి పెట్టెతో కలిపి అయిదు కిలోల దాకా తూటాలకు అవకాశం ఉంది, ఇద్దరి వాటాలను ఒకే పెట్టెలో కలపకూడదు. యాభై తూటాల డబ్బా సుమారు 175 గ్రాములు తూగుతుంది కనుక లెక్క మీరే వేసుకోవచ్చు. అయితే ఇది పై హద్దు మాత్రమే. విమాన సంస్థ తన హద్దును ఇంతకన్నా చాలా తక్కువగా పెట్టుకోవచ్చు, రుసుము కూడా వేరుగా వసూలు చేస్తుంది. టికెట్ కొనేముందే ఆ సంస్థ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకుని అచ్చు తీసి కాగితాల సంచిలో చేర్చుకోవడం నా అలవాటు.

ఎంత మంచి పెట్టె కొన్నా తీర్చలేని ప్రమాదం ఒకటుంది, అది చేతి సంచిలో ఉంటుంది. రేంజికి తీసుకుపోయే సంచినే విమానం లోపలికి తీసుకుపోయే సంచిగా వాడకూడదు. జేబు కుట్టు సందులో చిక్కుకున్న ఒకే ఒక్క తూటా భద్రతా తనిఖీ తెర మీద కనిపిస్తే విమానం పోవడం అటుంచి, ఆయుధ చట్టం కింద కేసు నమోదవుతుంది. లైసెన్సు ఉందన్న మాట ఆ క్షణంలో అక్కరకు రాదు. ఆయుధాన్ని కలిగి ఉండడమంటే అది తన దగ్గర ఉందన్న ఎరుక కూడా ఉండాలని 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ సూత్రం మీద ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసులు ఎన్నో కొట్టివేసింది. కానీ కోర్టు కొట్టివేసే దాకా తిరగవలసింది మనమే, అదీ కేసు పడిన ఊరికి. కాబట్టి చేతి సంచి, మందు వాసన ఎరుగని వేరే సంచిగా ఉండాలి. తుడిచే గుడ్డలు, వాడిన చేతి తొడుగులు, రేంజిలో వేసుకున్న చొక్కా కూడా దానిలో పెట్టకపోవడం మేలు. కొన్నిచోట్ల సంచిని తుడిచి పేలుడు పదార్థాల ఆనవాళ్లను పరీక్షిస్తారు. సీసపు పెల్లెట్లు పేలేవి కావు, అయినా అవి కూడా చెక్-ఇన్ సామానులోనే పోవాలి. అయిదు వందల పెల్లెట్ల డబ్బా మూతకు టేపు చుట్టకపోతే ఢిల్లీలో పెట్టె తెరిచేసరికి ఫోమ్ నిండా సీసపు గింజలు కనిపిస్తాయి.

ఇక పెట్టెలో నాకు కనిపించిన లోపాలు. పెట్టెతోపాటు కంపెనీ ఇచ్చిన, చిన్న చిన్న చదరాలుగా తుంచి ఆకారం చేసుకునే ఫోమ్ మొదట ముచ్చటగా ఉంటుంది, రెండు మూడు సీజన్లకే అంచులు చిరిగి పొడి రాలుతుంది. ఆ పొడి ట్రిగ్గర్‌లోకి పోతే పోటీ ముందు రోజు రాత్రి కూర్చుని శుభ్రం చేయాలి. దాన్ని తీసేసి, వరంగల్ చౌరస్తాలో దొరికే గట్టి ఫోమ్ పలకలు తెచ్చి, రైఫిల్ ఆకారాన్ని పెన్నుతో గీసి, పొడవాటి కట్టర్‌తో కోసుకున్నాను. కంపెనీ ఫోమ్ కన్నా ఇదే ఎక్కువకాలం నిలిచింది. రెండో సంగతి చెమ్మ. మన వానకాలంలో ఫోమ్ తేమ పీల్చుకుని రోజుల తరబడి వదలదు. ప్రయాణం అయిపోయాక రైఫిల్‌ను పెట్టెలోనే వదిలేస్తే ఇనుప భాగాలకు తుప్పు పడుతుంది. పెట్టె ప్రయాణానికే గానీ నిల్వకు కాదు. డిసెంబరులో ఢిల్లీ చలి నుంచి వెచ్చని హాల్లోకి వచ్చినప్పుడు మాత్రం దీనికి విరుద్ధంగా చేయాలి: పెట్టెను ఓ అరగంట మూసే ఉంచాలి, లేకపోతే చల్లటి లోహం మీద నీరు పడుతుంది.

రబ్బరు వలయం ఉన్న పెట్టెకు గాలి సర్దుబాటు కవాటం ఉందో లేదో కొనేముందే చూడండి. సామాను గదిలో కూడా ప్రయాణికుల క్యాబిన్‌లో ఉన్నంత ఒత్తిడే ఉంటుంది, అది నేల మీది ఒత్తిడి కన్నా తక్కువ. పైన ఉన్నప్పుడు లోపలి గాలి కొంత బయటికి పోయి, కిందికి దిగాక మూత లోపలికి పీల్చుకుని బిగుసుకుంటుంది. కవాటం లేని పెట్టెను అధికారి ముందు మోకాలు అదిమిపెట్టి ఊడదీస్తున్న తోటి షూటర్‌ను చూశాక ఈ చిన్న భాగం విలువ తెలిసింది. నా పెట్టెకు కవాటం ఉంది, అది ఇంతవరకు మొరాయించలేదు. చక్రాల గురించి అంత మంచి మాట చెప్పలేను. అవి విమానాశ్రయపు నున్నటి నేల కోసం చేసినవి. బస్టాండు గతుకుల మీద ఒక చక్రం ఇరుసు అరిగి వంకర పోయింది. ఆ ఇరుసును మార్చుకునే వీలున్న నమూనా కొనాలి, రివెట్ కొట్టి బిగించినది వద్దు.

బరువు దగ్గర ఈ పెట్టె బాగా ఖరీదు అనిపిస్తుంది. నా పెట్టె ఖాళీగానే ఏడు కిలోలు దాటుతుంది; పోటీ ఎయిర్ రైఫిల్‌కు నియమాల ప్రకారం అయిదున్నర కిలోల దాకా హద్దు. దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కు చెక్-ఇన్ సామాను పదిహేను కిలోలే కాబట్టి, రైఫిల్, సిలిండర్, పెల్లెట్లు చేరేసరికి బూట్లకు కూడా చోటు మిగలదు. జాకెట్, ప్యాంటు వేరే సంచిలో పోవాలి, అదనపు బరువును టికెట్‌తోపాటే కొనాలి. కౌంటర్ దగ్గర కొంటే చురుక్కుమంటుంది. షూటింగ్ జాకెట్‌ను మాత్రం ఎప్పుడూ మడతపెట్టి కుక్కవద్దు. గట్టిదనం ఎంతదాకా ఉండవచ్చో నియమాలు కొలిచి చెబుతాయి, మడత పడ్డ చోట అది తగ్గి భుజం దగ్గర ఆసరా పోతుంది. లోపల తువ్వాళ్లు కూరి చుట్టగా చుడితే ఆకారం నిలుస్తుంది. గురి కదలికను నమోదు చేసే ఎలక్ట్రానిక్ సెన్సర్, పవర్ బ్యాంకు లిథియం బ్యాటరీలవి కనుక చేతి సంచిలోకి. స్క్రూడ్రైవర్లు, స్క్రూలు తిప్పే అలెన్ కీలు పెట్టెలోకి. బారెల్ శుభ్రం చేసే మండే ద్రావణాలు రెండింటిలోనూ వద్దు, పొడి ఫెల్ట్ ముక్కలు చాలు.

రైఫిల్ వాడేవారికి, ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా విమానం ఎక్కేవారికి ఇలాంటి పెట్టెను నిస్సంకోచంగా చెబుతాను. ఫోమ్ మార్పు ఖర్చును కూడా ధరలో కలుపుకుని చూసుకోండి. గచ్చిబౌలి రేంజి దాకా కారులో వెళ్లి వచ్చేవారికి మెత్తని సంచి సరిపోతుంది. ఎయిర్ పిస్టల్ ఒక్కటే ఉన్నవారు దీని జోలికి పోనక్కర లేదు. నియమాల ప్రకారం పిస్టల్ 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు దాటని కొలతల్లోనే ఉంటుంది కనుక, దానితో వచ్చిన పెట్టెకే తాళం కప్ప వేసి, మామూలు గట్టి సూట్‌కేసులో బట్టల మధ్య పైవరుసలో పెట్టుకుంటే చాలు. మా అమ్మాయి అలాగే చేస్తుంది. సూట్‌కేసు తాళంచెవి, పిస్టల్ పెట్టె తాళంచెవి ఒకే రింగుకు వేసి మెడలో వేసుకుంటుంది. కౌంటర్‌లో “తెరవండి” అన్న మాట పూర్తయ్యేలోగా మూత ఎత్తి నిలబడుతుంది.