చేతులా, కాళ్లా, వీపా? పారా ఈతలో ఎవరికి ఏ స్ట్రోక్ మేలు

ఒక కాలు మోకాలి పైదాకా లేదు, భుజాలు మాత్రం ఇనుములా ఉన్నాయి. పోటీల్లో ఏ స్ట్రోక్ ఈదాలి? కొలను గట్టున ఎవర్ని అడిగినా "ఇంకేముంది, ఫ్రీస్టైల్" అంటారు. ఒక చెయ్యి లేనివాళ్లు అడిగితే "కప్ప ఈత" అంటారు. ఈ సలహాలు పూర్తిగా తప్పని అనను గానీ, వాటిలో ఒక లెక్క జారిపోతుంది. పారా స్విమ్మింగ్‌లో మీరెంత వేగంగా ఈదుతారన్నది ఎంత ముఖ్యమో, పక్క లేన్లలో ఎవరుంటారన్నదీ అంతే ముఖ్యం. పక్కన ఎవరుంటారన్నది స్ట్రోక్‌ని బట్టి మారిపోతుంది.

శారీరక వైకల్యం ఉన్న ఈతగాళ్లకు ఎస్1 నుంచి ఎస్10 వరకు పది క్లాసులు, మామూలుగా ఒకే క్లాసువాళ్లు కలిసి పోటీపడతారు. అంకె తగ్గేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం. ఈ ఎస్ క్లాసు ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై మూడింటికీ ఒకటే. బ్రెస్ట్‌స్ట్రోక్‌కు, అంటే కప్ప ఈతకు, మాత్రం ఎస్‌బీ అని వేరే క్లాసు ఇస్తారు, అది 9 దగ్గరే ఆగుతుంది. నాలుగు రకాలూ కలిసిన మెడ్లీకి ఎస్ఎం. చూపు సమస్య ఉన్నవాళ్ల 11 నుంచి 13, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల 14 క్లాసుల కథ వేరు, వాటి జోలికి ఇక్కడ పోను.

బ్రెస్ట్‌స్ట్రోక్‌కు వేరే క్లాసు ఎందుకు? క్లాసు తేల్చేవాళ్లు ముందు బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో కీలు కదలికకూ 0 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. తర్వాత నీళ్లలోకి దింపి చూస్తారు, ఆపైన పోటీలోనూ గమనిస్తారు. ఎస్ క్లాసుకు మొత్తం 300 పాయింట్లు: చేతులకు 130, కాళ్లకు 100, మొండేనికి 50, స్టార్ట్‌కు 10, టర్న్‌కు 10. ఎస్‌బీకి 290: చేతులకు 110, కాళ్లకు 120, మొండేనికి 40, మిగతా రెండూ పదేసి. అంటే ముందుకు నెట్టే పనిలో కప్ప ఈతకు కాళ్లు పెద్ద దిక్కు, మిగిలిన మూడింటికి చేతులు పెద్ద దిక్కు అని ఈ లెక్కే ఒప్పుకుంటోంది. స్ట్రోక్ ఎంచుకునేవాళ్లు మొదట చూడాల్సిన కాగితం ఇదేనని నా అభిప్రాయం.

దీనిలో ఇంకో మెలిక ఉంది. ఎస్5 అంటే 141 నుంచి 165 పాయింట్లు. 141 వచ్చినవాళ్లూ, 165 వచ్చినవాళ్లూ ఒకే ఫైనల్లో పక్కపక్కనే ఈదాలి. మీరు ఎస్ క్లాసులో అడుగున ఉండి, ఎస్‌బీ క్లాసులో పైఅంచున ఉన్నారనుకోండి. అప్పుడు మీకు ఇష్టమైనది ఫ్రీస్టైల్ అయినా, పతకం దగ్గరగా ఉండేది బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కావచ్చు. పైఅంచు కోసం పరీక్షలో బలం దాచుకుందామనుకునే వాళ్లకు ఒక మాట: అది నేరం, పట్టుబడితే నిషేధం. లెక్క తెలుసుకోవడం వేరు, లెక్కను మోసం చేయడం వేరు.

ఇక ఒక్కో స్ట్రోక్ సంగతి.

కాళ్లు లేనివాళ్లకు, కాళ్లలో బలం లేనివాళ్లకు ఫ్రీస్టైల్ మంచిదనడానికి నటాలీ డు టోయిట్ కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఈ దక్షిణాఫ్రికా ఈతగత్తెకు 2001లో రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు పోయింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో, అంటే పారాలింపిక్స్ కాదు, మామూలు ఒలింపిక్స్‌లో, 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ రేసు ఈది 16వ స్థానంలో నిలిచింది. కృత్రిమ కాలు లేకుండానే. దూరం పెరిగేకొద్దీ ఈతగాళ్లు కాళ్లను పొదుపుగా వాడతారు, పనంతా బారల మీద నడుస్తుంది. అందుకే ఒక కాలు లేని నష్టం 50 మీటర్లలో కనిపించినంతగా 400 మీటర్లలో కనిపించదు. చిన్న రేసులో దిమ్మ మీంచి ఎగిరి దూకే స్టార్టే చాలా తేల్చేస్తుంది, కూర్చుని దూకేవాళ్లు, నీళ్లలోంచే మొదలుపెట్టేవాళ్లు అక్కడే వెనకబడతారు. కాబట్టి కాలి సమస్య ఉండి చేతులు బాగున్నవాళ్లకు నా ఓటు ఫ్రీస్టైల్‌కే, అందులోనూ పొడవైన రేసులకు. పారాలింపిక్స్‌లో 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఎస్6 నుంచి పై క్లాసులకు ఉంటుంది.

అయితే కాలు లేకపోవడమూ, కాలు ఉండి కదలకపోవడమూ నీళ్లలో ఒకటి కాదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు కాళ్లు కిందికి దిగిపోతాయి, నడుము పట్టు లేక ప్రతి బారకూ ఒళ్లు పాములా అటూ ఇటూ ఊగుతుంది. ప్రాక్టీసులో తొడల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే నురుగు దిమ్మ) పెట్టుకుంటే హాయిగా సాగుతుంది, రేసులో అది కుదరదు. దాని మీదే ఆధారపడి టైమింగ్ చూసుకుని మురిసిపోతే పోటీ రోజున దిగులే. పైగా రోజంతా వీల్‌చైర్ చక్రాలు తిప్పే భుజాలు అవే. వాటి మీదే వేల బారలు వేయించే ముందు కోచ్ ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

బ్యాక్‌స్ట్రోక్‌ను చాలామంది నేర్చుకునే దశకే సరిపెట్టేస్తారు. ముఖం పైకి ఉంటుంది, ఊపిరికి టెన్షన్ ఉండదు, అంతవరకే అనుకుంటారు. నాకైతే తక్కువ అంకె క్లాసుల వాళ్లకు దీన్ని మించిన పెట్టుబడి లేదనిపిస్తుంది. ఎందుకంటే నిబంధనల ప్రకారం ఫ్రీస్టైల్ రేసులో ఏ రకంగానైనా ఈదొచ్చు, మెడ్లీలో తప్ప. ఎస్1, ఎస్2 ఫ్రీస్టైల్ రేసులు చూడండి, వెల్లకిలా ఈదేవాళ్లు కనిపిస్తారు. వెల్లకిల ఈత ఒక్కటి బాగా వస్తే రెండు రకాల రేసులకు పేరివ్వొచ్చన్నమాట. బ్రెజిల్‌కు చెందిన గాబ్రియేల్ అరౌజోకు చేతులు లేవు, కాళ్లూ పూర్తిగా ఎదగలేదు. 2024 పారిస్‌లో ఎస్2 విభాగంలో 50, 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌తో పాటు 200 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం కూడా అతనిదే.

స్టార్ట్ అందరికీ నీళ్లలోంచే కాబట్టి దూకే తేడా కూడా ఇక్కడ పోతుంది. పిడి పట్టుకోలేనివాళ్లు తువ్వాలునో, పట్టీనో పళ్లతో కరిచి పట్టుకుని మొదలుపెట్టొచ్చు. ఇబ్బందులు మాత్రం రెండు. ఒక చెయ్యి బలంగా ఉండి రెండోది బలహీనంగా ఉంటే లేన్ తాడు వైపు కొట్టుకుపోతారు, తిన్నగా వెళ్లడం నేర్చుకోవడానికే నెలలు పడుతుంది. రెండోది, గోడ కనిపించదు. గోడకు 5 మీటర్ల ముందు తలపైన కట్టిన జెండాలు చూసి బారలు లెక్కపెట్టుకోవాలి. చేతులు లేనివాళ్లు గోడను తలతోనే తాకాలి, అదీ పూర్తి వేగంలో. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కప్ప ఈత దగ్గరికొస్తే సలహాలిచ్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రెండు కాళ్లూ బాగుండి చెయ్యి లేనివాళ్లకు, చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది నిజంగా మేలే. కానీ సెరిబ్రల్ పాల్సీ వల్ల తొడ కండరాలు బిగుసుకుపోయేవాళ్లకు మోకాళ్లు విడదీసి, పాదాలు బయటికి తిప్పి తన్నడం నరకం. అలసిన కొద్దీ ఆ బిగుతు ఇంకా పెరుగుతుంది. నిబంధనల్లో వెసులుబాటు ఉంది. తన్నలేని కాళ్లను లాక్కెళ్లడానికి, తన్నే ప్రయత్నం చూపడానికి ఈతగాడి పేరు పక్కన 12 అనే కోడ్ రాస్తారు. వెసులుబాటు వల్ల అనర్హత వేటు తప్పుతుందే గానీ వేగం రాదు.

మోకాలి కింద రెండు కాళ్లూ లేని అమెరికా ఈతగత్తె జెస్సికా లాంగ్‌ను చూస్తే లెక్క అర్థమవుతుంది. నీళ్లను తన్నే పాదాలే లేవు కాబట్టి ఆమెది ఎస్8, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఎస్‌బీ7. ఈ ఒక అంకె తేడా రిలేలోనూ పనికొస్తుంది. 34 పాయింట్ల మెడ్లీ రిలేలో నలుగురి క్లాసు అంకెలు కలిపి 34 దాటకూడదు, బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్లకు లెక్కించేది ఎస్‌బీ అంకె. జట్టుకు ఒక పాయింటు మిగిల్చే ఈతగాడంటే ఏ కోచ్‌కు చేదు?

బటర్‌ఫ్లై పేరెత్తగానే చాలామంది జడుసుకుంటారు. రెండు చేతులూ ఒకేసారి నీళ్ల పైనుంచి తేవాలి కదా అని. అలాంటివాళ్లు చైనా ఈతగాడు జెంగ్ టావో 50 మీటర్ల బటర్‌ఫ్లై ఒక్కసారి చూడాలి. చిన్నప్పుడు కరెంటు షాక్‌తో రెండు చేతులూ పోయాయి. టోక్యో పారాలింపిక్స్‌లో ఎస్5 ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై మూడింటా 50 మీటర్ల స్వర్ణాలు, రిలేతో కలిపి నాలుగు. మూడింటికీ మూలం ఒకటే, ఛాతీ నుంచి పాదాల దాకా అల లేపే డాల్ఫిన్ కిక్. నడుము, కాళ్లు బలంగా ఉన్నవాళ్లకు చేతులు లేకపోవడం ఇక్కడ అడ్డు కాదు. మొండెం పట్టు లేనివాళ్లకు మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను. ఎస్1 నుంచి ఎస్4 వరకు పారాలింపిక్స్‌లో బటర్‌ఫ్లై రేసే లేదు, ఎస్ఎం3, ఎస్ఎం4 మెడ్లీలో కూడా దాన్ని తీసేసి 150 మీటర్లకు కుదించారు. ఎస్5 నుంచి ఎస్7 వరకు 50 మీటర్లు, ఆ పైన 100.

ఒకటే ఎందుకు, అన్నీ ఈదితే పోలేదా అనేవాళ్లకు బ్రెజిల్ వీరుడు డానియెల్ డయాస్ ఉన్నాడు. ఎస్5, ఎస్‌బీ4. 2012 లండన్‌లో నాలుగు రకాల్లోనూ గెలిచి ఆరు స్వర్ణాలు పట్టుకెళ్లాడు. కాదనను. కానీ వారానికి మూడు గంటలే కొలను దొరికేవాళ్లు డయాస్‌ను చూసి నాలుగూ మొదలుపెడితే ఏదీ పూర్తికాదు. రెండు చాలు.

ఆ రెండూ ఏవో తేల్చుకోవడానికి ఒక పద్ధతి. రెండు మూడు నెలలు నాలుగూ ఈది, ఒక్కోదానిలో 50 మీటర్ల టైం రాసుకోండి. ఆ టైంలను ఒకదాంతో ఒకటి పోల్చవద్దు, కప్ప ఈత మామూలుగా నిదానమే. మీకొచ్చిన క్లాసులో, ఇంకా రాకపోతే కోచ్ అంచనా వేసిన క్లాసులో, ఒక్కో స్ట్రోక్‌కూ ఈ మధ్య ఫైనల్లో ఎనిమిదో స్థానం టైం ఎంతో చూడండి. మీ రేసు 100 మీటర్లదైతే 100 ఈదే పోల్చుకోండి. ఎనిమిదో టైంకు మీ టైం ఎన్ని శాతం ఎక్కువుందో ఆ పక్కనే వేయండి. తేడా ఎక్కడ తక్కువో అది మొదటిది. దాని తర్వాతది కాకుండా, మొదటిదానితో అలసిన భుజానికో, మోకాలికో విశ్రాంతినిచ్చేది రెండోదిగా పెట్టుకోండి.