కోవిడ్ తర్వాత నీరసానికి సప్లిమెంట్: సొంతంగా వాడి చూడటమా, ట్రయలా? ఏది మేలు?

జ్వరం తగ్గి మూడు నెలలైనా స్నానం చేసి వస్తే చాలు, మళ్లీ పడుకోవాల్సి వచ్చేది. చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివేదాన్ని. ఆ స్థితిలో ఎవరు ఏ మాత్ర పేరు చెప్పినా మనసు అటే లాగుతుంది. నేను కోక్యూ10 (కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే, మన ఒంట్లోనూ ఉండే పదార్థం) మాత్రలు మొదలుపెట్టాను. అయిదో వారంలో రెండంతస్తులు ఆగకుండా ఎక్కాను. మాత్ర పనిచేసిందా, లేక ఎలాగూ కోలుకునే సమయం వచ్చిందా? మాత్ర వేసుకోని నేను ఇంకొకతె ఉంటే తప్ప అది తేలదు.

ట్రయల్‌లో, అంటే మందును ప్లాసిబోతో (చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రతో) పోల్చి చూసే పరీక్షలో, తేలేది అదే. డెన్మార్క్‌లో లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వదలని లక్షణాలు) ఉన్న 121 మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోక్యూ10 ఆరు వారాలు, ప్లాసిబో ఆరు వారాలు ఇచ్చారు. ఎప్పుడు ఏది మింగుతున్నారో వాళ్లకు తెలియదు. 2023లో ఫలితాలు వచ్చాయి: ప్లాసిబో కంటే కోక్యూ10 మెరుగని తేలలేదు. చదివి బాధపడ్డాను, నా మెట్ల సంగతి గుర్తొచ్చి.

అన్నీ ఇలాగే విఫలం కాలేదు. హాంకాంగ్‌లో ఎస్ఐఎం01 అనే, పేగులకు మేలుచేసే బ్యాక్టీరియా మిశ్రమాన్ని 463 మందితో ఆరు నెలలు పరీక్షించారు. అది తీసుకున్నవాళ్లలో నూటికి 63 మందికి నీరసం తగ్గింది. ప్లాసిబోగా కొద్దిపాటి విటమిన్ సి తీసుకున్నవాళ్లలో 43 మందికి తగ్గింది. నన్ను ఆపింది ఈ 43. ఇంట్లో ఏం వాడినా, దాదాపు ఇంతమంది "నాకు పనిచేసింది" అని నిజాయితీగానే చెప్పగలరు.

అందుకే, అవకాశముంటే ట్రయల్‌లో చేరడమే మేలంటాను. లేకపోతే మధ్యే మార్గం ఒకటుంది. ఒకేలా కనిపించే మాత్రలు, ఖాళీ మాత్రలు రెండు డబ్బాల్లో ఇంట్లోవాళ్ల చేత పెట్టించి, ఏది ఏదో మీకు చెప్పొద్దనాలి. రెండేసి వారాలు మార్చిమార్చి వాడుతూ, రోజూ ఒకే వేళకు నీరసానికి పదికి ఎన్నో రాసుకోవాలి. మూడు విడతలయ్యాకే గుట్టు విప్పాలి. కాకపోతే నెలల తరబడి వాడితే గానీ పనిచేయని వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

ఏ దారిలో వెళ్లినా డాక్టరుకు చెప్పే మొదలుపెట్టండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లలో కోక్యూ10 ఆ మందు ప్రభావాన్ని తగ్గించవచ్చు. ఎక్కువ మోతాదులో విటమిన్ బి6 చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కవచ్చు. దాన్ని పాత జబ్బే అనుకుని ఇంకో మాత్ర వేసుకునే ప్రమాదం ఉంది.