మెడ నొప్పి ఉన్నవారికి ఆరోగ్య బీమా: శ్రీకాకుళంలో ఒక శాఖ సేవలపై నా అభిప్రాయం

సర్వికల్ స్పాండిలోసిస్‌కు (మెడ ఎముకలు, డిస్కులు అరగడం వల్ల వచ్చే సమస్య) మందులు వాడుతూ ఫిజియోథెరపీ చేయించుకుంటున్న నా భార్య కోసం శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు బీమా సంస్థ శాఖలో ఆరోగ్య పాలసీ తీసుకున్నాము. పాలసీ మంచిదే కానీ, దానిని అమ్మిన తీరు గురించి కొంత చెప్పవలసి ఉంది.

దరఖాస్తు నింపే సమయంలో ఏజెంటు, "మెడ నొప్పి ఎవరికి లేదు మాస్టారూ, అదంతా రాయడం దేనికి? ఐదేళ్లు దాటితే అడిగేవారే ఉండరు" అన్నారు. పాలసీ వరుసగా 60 నెలలు నడిచిన తరువాత, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని 2024 నుంచి నియమం ఉన్న మాట నిజమే. అయితే మోసం రుజువైతే ఆ రక్షణ వర్తించదు. పైగా ఆ ఐదేళ్లలోపే డిస్కుకు ఆపరేషన్ అవసరమైతే, పాత ఎం.ఆర్.ఐ. రిపోర్టు మీది తేదీ ఒక్కటే క్లెయిమును తిరస్కరించడానికి సరిపోతుంది, పాలసీయే రద్దయ్యే ప్రమాదమూ ఉంది. ఒక కుటుంబం కష్టకాలంలో నమ్ముకునే పత్రం విషయంలో ఇటువంటి సలహా ఇవ్వడం నాకు చాలా బాధ కలిగించింది.

మేము ఉన్నదంతా రాసి, డాక్టరు చీటీలతో సహా సమర్పించాము. శాఖలోని అధికారిణి వాటిని ఓపికగా చదివి, ముందునుంచి ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం (అంటే ఆ జబ్బు చికిత్సకు క్లెయిము చెల్లించని తొలి గడువు) గతంలో 48 నెలల వరకు ఉండేదని, 2024 ఏప్రిల్ నుంచి అది 36 నెలలకు మించరాదని, ఆ గడువు మెడకు సంబంధించిన చికిత్సకే తప్ప ప్రమాదాల్లో తగిలే గాయాలకు వర్తించదని వివరించారు. మిగతా జబ్బుల్లో చాలావాటికి తొలి 30 రోజులు, పాలసీలో పేర్కొన్న కొన్నింటికి రెండేళ్లు ఆగాలి. ప్రీమియం కొంత పెంచారు కానీ, వెన్నెముకను శాశ్వతంగా మినహాయించలేదు. నా దృష్టిలో ఇది న్యాయమైన ఒప్పందం.

లోటు మరొకచోట ఉంది. ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోథెరపీకి ఈ పాలసీ ఏమీ ఇవ్వదు, కేవలం పరీక్షల కోసం చేరినా చెల్లించదు. రోజంతా తల వంచి పనిచేసే దర్జీలు, పలాస జీడి పరిశ్రమ కార్మికులు ఉన్న ఈ జిల్లాలో మెడ నొప్పి ఖర్చులో అధిక భాగం అదే కదా! ఈ సంగతిని అమ్మేటప్పుడే చెప్పాలి. షరతుల సారాంశ పత్రాన్ని కోరితే తెలుగులో ఇవ్వాలన్న నియమం ఉన్నా, మాకు మొదట ఇంగ్లీషు ప్రతినే ఇచ్చారు. పట్టుబట్టిన తరువాతే తెలుగు ప్రతి అందింది.

ఈ శాఖకు వెళ్లదలచినవారు ఏజెంటుతో సరిపెట్టుకోకుండా అధికారులతో నేరుగా మాట్లాడడం మేలు. పాలసీ అందగానే, మీ దరఖాస్తు నకలులో మెడ నొప్పి వివరం ఉందో లేదో సరిచూసుకోండి. లేకపోతే వెంటనే రాతపూర్వకంగా సవరణ కోరండి. షరతులు నచ్చకపోతే 30 రోజుల్లోగా పాలసీని వెనక్కి ఇచ్చే హక్కు కూడా ఉంది.